నావను ఎండబెట్టిన వేసవి

నాకు చేతగాని పని ఒకటుందని ఒప్పుకోవడం నాకు ఏనాడూ చేతకాలేదు. బోరు మోటారు కాలితే నేనే విప్పుతాను. మందు కొట్టే స్ప్రేయరు మొరాయిస్తే నేనే దాని పొట్ట కోస్తాను. మెకానిక్కుని ఇంటికి పిలవడమంటే నాకు నామోషీ. నేను విప్పినవాటిలో సగం మళ్ళీ బిగిసి పనిచేశాయి, మిగతా సగం వసారాలో ఒక గోనెసంచిలో పడి ఉన్నాయి. ఇంటికొచ్చినవాళ్ళకి మా ఆవిడ ఆ సంచి చూపించి నవ్విస్తుంది, నేనూ నవ్వుతాను. కానీ మా అత్తవారి నావ సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం మాట మారుస్తాను. అది జరిగి మూడేళ్ళు దాటింది. ఇప్పుడు కూర్చుని రాస్తున్నానంటే కారణం ఒకటే. ఇంకా ఆలస్యం చేస్తే నాకు నేనే వేరే కథ చెప్పుకుని, దాన్నే నమ్మేసేలా ఉన్నాను.

మాది పర్చూరు పక్కన ఒక పల్లె. నల్లరేగడి నేల. మిర్చి, పత్తి తప్ప మా ఊరివాళ్ళకి మరో ఆలోచన ఉండదు. మా ఆవిడ మా ఊరి బడికి టీచరుగా వచ్చింది, నేను చేసుకుంటానన్నాను, ఆవిడ సరేనంది. ఆవిడ పుట్టిల్లు చీరాల దాటాక సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళో. ఐదో తరగతి నుంచే గుంటూరు హాస్టళ్ళలో పెరిగింది కాబట్టి నావల గురించి ఆవిడకు తెలిసింది నాకంటే పెద్ద ఎక్కువేమీ కాదు.

మా పెళ్ళి మొదట్లో రెండు వైపులా ఎవరికీ నచ్చలేదు. మావాళ్ళు మొహం ముడుచుకుని ఊరుకున్నారు. మా ఆవిడ తరఫువాళ్ళు మాత్రం నేను తాళి కట్టాక నన్ను నెత్తిన పెట్టుకున్నారు. నేను బండి దిగేసరికి కాళ్ళు కడుక్కోవడానికి బిందెతో నీళ్ళు సిద్ధం. వలలో పడ్డ పెద్ద చేప నేను వచ్చేదాకా ఐసులో ఉండాల్సిందే. మా అత్తగారు నాతో ముఖాముఖి మాట్లాడరు. తలుపు వెనక నిలబడి కూతురితో చెబుతారు, కూతురు లేకపోతే గోడతో చెబుతారు. "అల్లుడుగారికి ఇంకొంచెం పులుసు కావాలేమో అడగమ్మా" అని వినిపిస్తుంది, మనిషి కనిపించదు. ఆ ఇంట్లో అల్లుడంటే దేవుడి తర్వాతివాడు. ఈ మర్యాద నాకు చాలా తొందరగా ఒంటబట్టింది.

మా మామగారికి ఒక చెక్క నావ ఉండేది. పాతికేళ్ళు పైబడిన తెరచాప నావ. ఆ ఒడ్డున మిగతా అందరివీ ఫైబరు పడవలు, ఆయన మాత్రం దాన్ని వదల్లేదు. చివరి రోజుల్లో చిన్న ఇంజను ఒకటి తగిలించారు. పొద్దున ఇంజనుతో లోపలికి వెళ్ళడం, మధ్యాహ్నం గాలి తిరిగాక ఇంజను ఆపి తెరచాప ఎత్తి ఒడ్డుకు రావడం, ఇదీ ఆయన పద్ధతి. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేసవిలో రెండు నెలలు ఇంజను పడవల వేటను ప్రభుత్వం ఆపేస్తుంది. ఇంజను ఉన్న పాపానికి ఈ నావ కూడా ఒడ్డున కూర్చునేది. ఆ రెండు నెలల్లో ఆయన ఒక్కరే ఉలి, కొయ్యసుత్తి పట్టుకుని నావ చుట్టూ తిరుగుతూ దాన్ని బాగుచేసుకునేవారు. ఉలి ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు, కన్నకొడుక్కి కూడా.

ఆయన ఒక చలికాలంలో పోయారు. నేను చెప్పేది ఆ తర్వాత వచ్చిన వేసవి.

నావ నా బావమరిదికి వచ్చింది. మా ఆవిడకు ఒక్కడే తమ్ముడు, ముప్ఫై ఏళ్ళవాడు. వల వెయ్యడంలో వాడికి తిరుగులేదు, చెక్కపని మాత్రం రాదు. నావ అడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. వేట మళ్ళీ తెరిచేనాటికి అది నీళ్ళలో దిగకపోతే గుజరాత్ వెళ్ళిపోతానన్నాడు. అక్కడి పెద్ద బోట్ల మీద పనికి మనుషుల్ని తీసుకువెళ్ళే ఆసామీ ఒకడు ఊళ్ళోకి వచ్చి పేర్లు రాసుకుని పోయాడు. ఆ బోట్లెక్కినవాళ్ళు ఏడాదిలో పది నెలలు ఇంటి మొహం చూడరు. నీళ్ళ మీద సరిహద్దు గీత కనపడక అటువైపు దేశంలోకి వెళ్ళిపోయి, అక్కడి జైళ్ళలో ఏళ్ళ తరబడి ఉండిపోయినవాళ్ళ కథలు ఆ ఊళ్ళో ప్రతి అరుగు మీదా వినిపిస్తాయి. మా అత్తగారు ఈ మాట విన్నప్పటి నుంచి అన్నం సరిగ్గా తినడం లేదని మా ఆవిడ చెప్పింది. భర్త పోయి నాలుగు నెలలు, ఇప్పుడు కొడుకు కూడానా అని ఆవిడ భయం.

"నేనుండగా గుజరాత్ ఏంట్రా? మిరప కోతలైపోయాయి, ఖాళీగానే ఉన్నా. నావ సంగతి నాకొదిలెయ్" అన్నాను.

"పక్కూళ్ళో నావలు కట్టే తాత ఉన్నాడండి బావగారూ. చూపు ఆనక పని మానేశాడు గానీ, పక్కన కూర్చోబెట్టుకుంటే చెప్తాడు" అన్నాడు బావమరిది.

"చూపు ఆననాయన చెప్పేదేంటి, నేను వినేదేంటి" అన్నాను. వాడు నవ్వేసి ఊరుకున్నాడు. తలుపు వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "అల్లుడుగారు పూనుకుంటే అంతకంటేనా అమ్మా." ఆ మాటతో నాకు ఎక్కడ లేని హుషారూ వచ్చింది. రోజు విడిచి రోజు బండేసుకుని చీరాల మీదుగా ఒడ్డుకు వెళ్ళి పని చెయ్యడం మొదలుపెట్టాను. బడికి సెలవులు కాబట్టి మా ఆవిడ అక్కడే ఉంది.

మొదటిరోజు వెళ్ళేసరికి నావ దుంగల మీద ఉంది. పైన తాటాకులు కప్పి, వాటి మీద తడిగోతాలు పరిచారు. చెయ్యి వేస్తే చెక్క చల్లగా, చెమ్మగా తగిలింది. నాకు ఒళ్ళు మండింది. నావ కుళ్ళిపోతోందో మొర్రో అంటుంటే పైన తడిగుడ్డలు కప్పుతారా ఎవరైనా?

మిర్చి రైతుకి తడి అంటే ఎంత భయమో మా కళ్ళాలు చూస్తే తెలుస్తుంది. కోసిన కాయను రోజుల తరబడి ఎండలో తిరగేస్తూ ఉంటాం. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజ గలగలమనాలి. అప్పుడే అది సరుకు. ఒక్క చినుకు పడితే ఇంటిల్లిపాదీ పట్టాలు పట్టుకుని పరుగు తీస్తాం, ఎందుకంటే తడి తగిలిన కాయ తాలైపోతుంది, బూజు పడుతుంది. ఏ వస్తువైనా బాగా ఎండితేనే నిలుస్తుందని నా రక్తంలో ఉంది. నావ కూడా చెక్కే కదా అనుకున్నాను. గోతాలు లాగేశాను, తాటాకులు పీకేశాను. మూడు వారాలు సముద్రపు ఒడ్డున మే నెల ఎండకి దాన్ని వదిలేశాను.

ఎండుతున్నకొద్దీ పలకల మధ్య అతుకులు విచ్చుకోవడం మొదలైంది. మొదట గోరు పట్టేంత సందు ఉన్నచోట మూడు వారాలకు రూపాయి బిళ్ళ దూరింది. నాకు భయం వెయ్యలేదు, సంతోషం వేసింది. "చూడరా, ఎన్ని కంతలున్నాయో! ఇవన్నీ తడిలో దాక్కున్నాయి. అందుకే మీ నావ కారేది" అని బావమరిదికి ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించాను. దొంగని పట్టుకున్నంత గర్వం నాకు.

వాడు తల గోక్కున్నాడు. "నాన్న ముందు నీళ్ళు పోసి నానబెట్టేవాడండి. నావ నిండా పోసి రెండు మూడు రోజులు వదిలేసేవాడు. ఆ తర్వాత కూడా కారే చోటే..."

"నానబెట్టడానికి ఇదేమన్నా ఇడ్లీ పప్పేంట్రా?" అన్నాను.

మా ఆవిడ పకపకా నవ్వింది. వాడు కూడా నవ్వాడు. తర్వాత వాడు ఆ మాట ఎత్తలేదు. వల అల్లుకోవాలని వెళ్ళిపోయాడు. మా మామగారి పద్ధతి మొత్తం వాడు నాకు రెండు వాక్యాల్లో చెప్పేశాడు, నేను దాన్ని జోకు చేసి పారేశాను. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నా చెవులు వేడెక్కుతాయి.

ఇంకో సంగతి ఉంది, అది రాయడానికి ఇంతకంటే సిగ్గుగా ఉంది.

ఒక ఉదయం మామూలుకంటే ముందే వెళ్ళాను. నావ ఎడమ పక్కంతా తడిసి ఉంది. అటువైపు తిరిగితే మా అత్తగారు. ఖాళీ బిందె చంకలో పెట్టుకుని ఉన్నారు. నన్ను చూడగానే కొంగు తల మీదకు లాక్కుని, తప్పు చేసి దొరికిపోయిన మనిషిలా పక్కకు తప్పుకుని ఇంటివైపు వెళ్ళిపోయారు. కొన్నాళ్ళుగా పొద్దున వెళ్ళేసరికి చెక్క చెమ్మగా తగలడం, నేను దాన్ని మంచు అనుకోవడం అప్పుడు గుర్తొచ్చింది. ఊరి బోరింగు నుంచి రోజూ నీళ్ళు మోసుకొచ్చి పోస్తున్నారన్నమాట. అరవై దాటిన మనిషి, ఇసుకలో, ఎన్ని బిందెలో.

పోయినాయన మీద బెంగతో, ఆయన చేసే పని తాను చేస్తూ ఆయన్ని తలుచుకుంటున్నారనుకున్నాను. అంతవరకూ అనుకుని ఊరుకున్నా పోయేది. నేను ఇంటి ముందుకు వెళ్ళి, లోపలికి వినపడేలా మా ఆవిడతో గట్టిగా అన్నాను. "మీ అమ్మగారికి చెప్పు. పగలంతా నేను ఎండబెడుతుంటే ఆవిడ తడుపుతూ కూర్చుంటే ఈ పని ఈ జన్మకి తెమలదు. ఆయన మీద అంత బెంగగా ఉంటే ఫోటోకి దండేసుకోమను, నా పనికి అడ్డం రావద్దను."

మా ఆవిడ నా చెయ్యి గట్టిగా గిల్లింది. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి అత్తగారి గొంతు మామూలుగానే వినిపించింది. "ఇంకెప్పుడూ పొయ్యనని చెప్పమ్మా. అల్లుడుగారు ఎండన పడి వచ్చారు, మజ్జిగ ఇవ్వు." ఆ రోజు తర్వాత నావ మీద నీటి చుక్క పడలేదు.

తర్వాత సందులు పూడ్చే పని. మామగారు చీరాల మగ్గాల దగ్గర మిగిలిన నూలు పోగులు తెచ్చి, వదులుగా పేని, సందులో మెత్తగా ఒత్తి, పైన గుగ్గిలం నూనెలో మరగబెట్టి పూసేవారట. నాకు అది బీదతనంగా కనిపించింది. మా పొలం పత్తి ఒక బస్తా వేసుకొచ్చాను. బొటనవేలంత లావున తాళ్ళు పేని, ఉలి పెట్టి కొయ్యసుత్తితో దట్టించాను. ఇంక పట్టదు అనిపించాక కూడా ఇంకో రెండు దెబ్బలు వేసేవాణ్ణి. పైన గుగ్గిలానికి బదులు రెండు ముద్దలు కలిపి పిసికితే రాయిలా గట్టిపడే పుట్టీ పెట్టాను. పది రోజులు పట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ బొబ్బలు అందరికీ చూపించుకున్నాను.

తెరచాప కూడా నేనే కుట్టాను. మూడు చోట్ల చిరిగిపోయింది. మిర్చి నింపే పెద్ద గోతాన్ని మేము టిక్కీ అంటాం. దాని మూతి కుట్టే దబ్బనం, పురికొస తెచ్చి, పట్టా ముక్కలు వేసి బిగించి కుట్టాను. బావమరిది దాన్ని కొయ్యకి ఎత్తి చూసి, "బావగారూ, గాలి దీన్ని చూసి మిర్చి యార్డుకి తోలుకెళ్తుందేమోనండి" అన్నాడు. అందరం నవ్వాం. కొత్తగా చేపనూనె పట్టించిన నావ ఎండలో నిగనిగలాడుతోంది. ఆ సాయంత్రం వాడు గుజరాత్ ఆసామీకి ఫోన్ చేసి తన పేరు కొట్టెయ్యమన్నాడు. నా ఎదుటే చేశాడు. ఆ వేసవి మొత్తంలో నాకు నిజంగా కడుపు నిండిన రోజు అదే.

వేట తెరిచిన రోజు గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, నావకు పసుపు కుంకుమ పెట్టి నీళ్ళలోకి తోశారు. లోపలికి దూకి చూశాను. అడుగున ఒక్క చుక్క లేదు. మొదటిరోజు ఎంత మంచి నావైనా కాస్త ఊరుతుందట, ఇది ఎముకలా పొడిగా ఉంది. ఒడ్డునున్న ఫైబరు పడవలవాళ్ళు కూడా వచ్చి చూసి మెచ్చుకున్నారు. అత్తగారు మాత్రం దూరంగా నిలబడి కొడుకుని ఒకటే మాట అడుగుతున్నారు. "లోపల పక్కలు చూసుకున్నావా? మేకులు చూసుకున్నావా?" ఒకసారి కాదు, మూడుసార్లు. నా పని మీద నమ్మకం లేదా అని నాకు చిరాకేసింది. బండెక్కేటప్పుడు మా ఆవిడతో అన్నాను కూడా.

మొదటి రెండు రోజులూ వేట బాగా సాగింది. మూడోరోజు మధ్యాహ్నం నేను పర్చూరులో ఎరువుల కొట్టు దగ్గర ఉండగా మా ఆవిడ బడి నుంచి ఫోన్ చేసింది.

"ఏమండీ, నావ విచ్చుకుపోయిందంట. తమ్ముడు బతికే ఉన్నాడంట. మీరు తొందరగా వెళ్ళండి, నేను ఆటోలో వస్తా."

"బతికే ఉన్నాడంట" అన్న ఆ మాట చెవిలో పెట్టుకుని చీరాల దాకా ఎలా వెళ్ళానో నాకు తెలియదు.

జరిగింది ఇది. గాలి తిరిగాక బావమరిది ఇంజను ఆపి తెరచాప ఎత్తాడు. నావ ఒక పక్కకు ఒరిగింది. తాడు తెగినట్టు ఒక చప్పుడు, వెంటనే ఇంకొకటి. కుడిపక్క పలక రెండు మూరల పొడవున మేకులతో సహా ఊడి బయటికి లేచింది. నీళ్ళు తోడే వ్యవధి కూడా లేదు. వాడూ, వాడితో వెళ్ళిన ఇంకో మనిషీ ఖాళీ డీజిలు క్యానులు కౌగిలించుకుని గంటసేపు నీళ్ళలో ఉన్నారు. దారిన పోయే ఫైబరు పడవవాళ్ళు చూసి ఎక్కించుకున్నారు. ఇంజను, వల సముద్రంలోనే ఉండిపోయాయి. సగం మునిగిన నావను తాడు కట్టి లాక్కొస్తుంటే ఒడ్డు దగ్గర అలలకు పడి వెన్ను విరిగింది.

నేను వెళ్ళేసరికి ఇసుకలో ముక్కలున్నాయి, చుట్టూ ఊరంతా ఉంది. బావమరిది తువ్వాలు కప్పుకుని కూర్చుని వణుకుతున్నాడు. ఎవరు కబురు పెట్టారో, పక్కూరి తాత కూడా వచ్చాడు. ఆయనకు చూపు ఆనదు కాబట్టి పక్కన కూర్చుని ఊడిన పలకను చేత్తో తడిమాడు. సందులో రాయిలా బిగిసిన పుట్టీని గోకాడు. దాని కింద దట్టించిన పత్తిని వేలితో లాగబోయాడు, అది రాలేదు.

"ఎవుడ్రా ఇది కూరింది?" అన్నాడు.

అంతమందికీ తెలుసు. నెలన్నర పాటు నన్ను చూసినవాళ్ళే అందరూ. ఒక్కరూ నా వైపు చూడలేదు, అదే నాకు మరీ దారుణంగా అనిపించింది.

"నేనే తాతా" అన్నాడు బావమరిది.

ముసలాయన వాణ్ణి కడిగిపారేశాడు. "ఒరేయ్, నీ బాబు బతికుంటే ఇయ్యాల నీ చెయ్యి ఇరగ్గొట్టేవాడ్రా! ఎండిన చెక్క నీళ్ళలో పడితే ఉబ్బదంట్రా? ఉబ్బినాక దానికి చోటేదిరా, మొత్తం నువ్వే కూరేస్తివి గదా! ఎటూ పోలేక పలక మేకుల్నే పీకేసుకుంది. తడిపి, ఉబ్బనిచ్చి, అప్పుడు కదరా సందు చూసేది! సముద్రం చంపలా నిన్ను, నువ్వే ఉరి బిగించుకున్నావ్."

వాడు తల వంచుకుని అన్నీ పడ్డాడు. నేను మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. "వాడు కాదు, నేను" అనడానికి ఎంతసేపు పడుతుంది? నోరు తెరవలేదు. గొంతు పట్టేసిందని చెప్పుకోవచ్చు గానీ అది అబద్ధం. అంతమందిలో ఒక ముసలాయన నన్ను ఒరేయ్ అంటాడేమోనని ఊరుకున్నాను. నా చేతిపనికి చావు అంచుదాకా వెళ్ళొచ్చిన పిల్లాడు, ఒంటి మీద తడి ఆరకముందే, నా పరువు కాపాడాడు. నేను కాపాడించుకున్నాను.

ఆ రోజు కూడా నాకు పీట వేశారు. తినలేనంటే వినలేదు. నన్ను ఎవరైనా ఒక్క మాట అంటే బాగుండునని కూర్చున్నాను. తలుపు వెనక నుంచి అత్తగారు కూతురితో అంటున్నారు. "పాత చెక్కమ్మా, దాని ఆయుష్షు అంతే. అల్లుడుగారు పాపం చేతులు బొబ్బలెక్కేలా చేశారు. మనసులో పెట్టుకోవద్దని చెప్పు." మా ఆవిడ నా కంచంలో అన్నం పెడుతూ నా మొహం చూడలేదు. తర్వాత నాలుగు రోజులకు, "వాడు నేనే అన్నప్పుడు మీరు అక్కడే ఉన్నారంట కదా" అని మాత్రం అడిగింది. అవునన్నాను. అంతే, ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

మళ్ళీ నావ కొనిపెడతానన్నాను. బావమరిది ఒప్పుకోలేదు. "వద్దులెండి బావగారూ, మీకెందుకు శ్రమ" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. వారం తిరక్కుండా గుజరాత్ ఆసామీ మళ్ళీ వాడి పేరు రాసుకున్నాడు. మూడేళ్ళుగా వాడు అక్కడే ఉన్నాడు. వర్షాకాలంలో రెండు నెలలు వచ్చిపోతాడు. ఫోను తగలని రోజుల్లో అత్తగారు గుమ్మంలోనే కూర్చుంటారని మా ఆవిడ చెబుతుంది.

వాడు మొదటిసారి వెళ్ళిన రోజు చీరాల స్టేషనుకి మేమూ వెళ్ళాం. మధ్యాహ్నం బండి. వాణ్ణి సీట్లో కూర్చోబెట్టి వస్తానని మా ఆవిడ పెట్టెలోకి ఎక్కింది. ప్లాట్‌ఫారం మీద నేనూ, కాస్త దూరంలో అత్తగారూ మిగిలాం. మధ్యలో మాట అందించడానికి మనిషి లేడు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో నేనెప్పుడూ ఆవిడతో నేరుగా మాట్లాడలేదు.

"అత్తయ్యా, మీకు తెలుసు కదా" అన్నాను. "ఎండబెట్టకూడదని మీకు తెలుసు. మీరు రోజూ నీళ్ళు పోసింది అందుకే కదా. ఆ రోజు ఒక్క మాట నా మొహం మీద ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ కిటికీలో కొడుకు భుజం కనిపించే వైపే చూస్తూ నిలబడ్డారు.

"పెళ్ళయిన కొత్తల్లో మీరు భోంచేస్తా ఉంటే, చేప ముల్లు అట్టా కాదు బాబూ, ఇట్టా తీసుకోవాలి అన్నానండి" అన్నారు. "మీరు చెయ్యి కడుక్కుని లేచిపోయారు. నా పిల్లని తీసుకుపోయారు. పద్నాలుగు నెలలు నా గడప తొక్కనియ్యలేదండి దాన్ని."

అది నిజం. నేను దాన్ని పూర్తిగా మర్చిపోయాను. అంటే, లేచి రావడం లీలగా గుర్తుంది, పద్నాలుగు నెలలన్నది గుర్తులేదు. పొలం పనులు, బడి, దూరం అని ఏవో కారణాలు గుర్తున్నాయి. ఆవిడకు నెలలు గుర్తున్నాయి.

"మళ్ళీ అట్టా అవుద్దని భయపడ్డానండి. నావ పోతే పోయిందిలే, పిల్ల రాకపోకలు ఆగకుండా ఉంటే చాలనుకున్నా. దాంట్లో వెళ్ళేది నా కొడుకేనని తెలవక కాదండి. వాడు తిరిగొచ్చేదాకా ఆ మూడు రోజులూ నీళ్ళకెదురుగా నిలబడి దండం పెట్టుకుంటానే ఉన్నా."

పక్కనున్న సిమెంటు బల్ల పట్టుకున్నాను. ఒక పక్క కూతురు, ఒక పక్క కొడుకు, ఇద్దరిలో ఎవరిని పణం పెట్టాలో ఒక తల్లి తేల్చుకోవాల్సి వచ్చింది, అదీ నా కోపానికి భయపడి. ఆ కోపాన్ని నేను అన్నేళ్ళూ పౌరుషం అనుకున్నాను.

"తప్పయిపోయింది అత్తయ్యా" అన్నాను. ఏడుస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది. "ఇక నుంచి నేను తప్పు చేస్తే మొహం మీదే చెప్పండి. తిట్టండి. నేనేమీ అనుకోను, మీ అమ్మాయి మీద ఒట్టు."

ఆవిడ కంగారుగా కొంగు తల మీదకు లాక్కుని, నాలుగడుగులు వెనక్కి జరిగారు.

"అట్టాగేనండి" అన్నారు. "మీరు ఎట్టా అంటే అట్టాగేనండి."